పాలకాయతిప్ప దారిలో పుచ్చు జామకాయ

మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్లి సాగర సంగమంలో మునగాలని మా ఆవిడకి ఎన్నాళ్ల నుంచో కోరిక. "మీ ఊరి పక్కనేగా, ఒక్కసారి తీసుకెళ్లలేరా?" అని ఏటా అడుగుతుంది. ఏటా ఏదో ఒక పని అడ్డం పడుతుంది. ఈసారి రిటైరైపోయాను కాబట్టి సాకు దొరకలేదు. ముందు రోజే బయల్దేరి రాత్రికి మా బాబాయి ఇంట్లో పడుకుని, తెల్లవారుజామున పాలకాయతిప్ప మీదుగా సముద్రానికి వెళ్దామని అనుకున్నాం.

విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు దాటి, కూచిపూడి మీదుగా చల్లపల్లి చేరాం. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి దణ్ణం పెట్టుకున్నాం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ, సముద్రానికీ మధ్య మిగిలిన నేలే దివిసీమ. దివి అంటే దీవి. పేరులోనే ఉన్నా, వంతెన మీద కారులో వెళ్లేవాడికి దీవిలోకి అడుగుపెడుతున్నానన్న ధ్యాసే ఉండదు. నాకూ ఉండేది కాదు. ఈ ప్రయాణంలోనే ఆ సంగతి బాగా తలకెక్కింది. ఎక్కించింది ఒక ఈగ.

అవనిగడ్డ దాటి కోడూరు దారి పట్టాక చూపు ఆనినంత మేర పచ్చదనమే. వరి కోసిన మళ్లలో మినుము కాయ పట్టి ఉంది. మధ్యలో అక్కడక్కడా రొయ్యల చెరువులు, వాటిలో గిరగిరా తిరిగే తెల్లటి చక్రాలు. పదేళ్ల క్రితం నేను వచ్చినప్పుడు ఇన్ని చెరువులు లేవు. అవును, పదేళ్లయింది. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

"చెరువుకిచ్చేద్దాం అనుకుంటున్నారా"

బాబాయి ఇల్లు కోడూరు దాటాక ఓ చిన్న ఊళ్లో. ఇంటి వెనకే తోట. ఎకరం పైచిలుకు జామ, గట్టు వారగా నాలుగు మామిడి చెట్లు, ఒక పక్క కాకర, బీర పందిళ్లు. ఆ జామతోటకో కథ ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు బాబాయికి పన్నెండేళ్లు. ఆ ఒక్క రాత్రిలో దివిసీమలో వేలమంది పోయారు. మా తాతయ్యా, నాయనమ్మా, పిల్లలూ డాబా ఎక్కి బతికారు గానీ పొలమంతా ఉప్పు తేలిపోయింది. రెండు మూడు వానాకాలాలు గడిచి ఉప్పు దిగాక నాయనమ్మ మొదట నాటించింది జామ మొక్కలే. "జామ మొండిది. నాలా బతుకుతుంది" అనేదట.

పిన్ని పళ్లెంలో జామకాయలు కోసి తెచ్చింది. కోసింది గానీ మాకు ఇవ్వలేదు. ఒక్కో ముక్కా వెలుతురుకేసి తిప్పి చూసి, బాగున్నవి మాకిచ్చి, మిగిలినవి వేరే గిన్నెలో పడేస్తోంది. ఆరు కాయల్లో మూడు గిన్నెలోకే వెళ్లాయి.

"చలికాలం కాపు కాబట్టి ఈ మాత్రమైనా తింటున్నాం. వానాకాలం కాపు చూసుంటే ఏడ్చేవాడివి" అన్నాడు బాబాయి. "నిరుడు శ్రావణంలో గంపలకి గంపలు పారబోశా. వ్యాపారి వచ్చి ఒక కాయ విరిచి చూసి, మాట కూడా మాట్లాడకుండా బండెక్కి వెళ్లిపోయాడు."

"మందు కొట్టలేదా?"

"కొట్టకేం! పురుగు కాయ లోపల ఉంటే మందు తోలు మీద పడుతుంది. మందు ఖర్చు నాదీ, కాయ దానిదీ." కాసేపు ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు. "చెరువుకిచ్చేద్దాం అనుకుంటున్నారా. రొయ్యలవాళ్లు లీజు అడుగుతున్నారు. వచ్చే సంక్రాంతికి చెట్లు కొట్టించేస్తా."

పిన్ని లేచి లోపలికి వెళ్లిపోయింది. ఒకసారి ఉప్పునీళ్ల చెరువు తవ్వాక ఆ నేలలో మళ్లీ జామ నాటాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఉప్పెన చూసిన ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

గిన్నెలోని పురుగు

ముప్ఫై ఏళ్లు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. చేయి ఊరుకోదు. ఆ గిన్నె నా ముందుకి లాక్కున్నాను. కాయ మీద సూది గుచ్చినంత మచ్చ, దాని చుట్టూ మెత్తబడిన తోలు. విప్పితే లోపల తెల్లటి పురుగులు. బాగా ఎదిగిన పురుగొకటి ఒళ్లు విల్లులా వంచి టప్పున ఎగిరి బల్ల మీద పడింది. మా ఆవిడ కెవ్వుమంది. పండుఈగ పురుగుకి ఆ విద్య ఉంది. కాయ వదిలి మట్టిలోకి దూరడానికి అలా గెంతుకుంటూ పోతుంది.

ఇది వంటింట్లో అరటిపండు చుట్టూ ముసిరే బుల్లి ఈగ కాదు. ఇంటి ఈగంత ఉంటుంది. వీపు మీద పసుపు గీతలతో చూడ్డానికి కందిరీగ పిల్లలా కనిపిస్తుంది. శాస్త్రం పేరు బాక్ట్రోసెరా డోర్సాలిస్. మన జామ, మామిడి తోటల్లో దీనికి తోడు జొనాటా, కరెక్టా అనే దగ్గరి చుట్టాలు కూడా ఉంటాయి. దోస, కాకర, బీర, పొట్ల పాదుల్ని పట్టేది ఇదే కుటుంబంలోని ఇంకో ఈగ.

దీని బతుకు తీరు చూడండి. ఆడ ఈగ పొట్ట చివర సూదిలాంటి గొట్టం ఉంటుంది. దాన్ని పండబోతున్న కాయలో గుచ్చి, తోలు కింద కొన్ని గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి పురుగు బయటికొస్తుంది. వారం పది రోజులు గుజ్జు తిని బలుస్తుంది. ఈలోగా కాయ కుళ్లి రాలిపోతుంది. పురుగు బయటికి గెంతి, మట్టిలో అంగుళం రెండంగుళాల లోతున వడ్లగింజలాంటి గూడు కట్టుకుని నిద్రపోతుంది. ఇంకో పది రోజులకు రెక్కలతో పైకొస్తుంది. వేడి రోజుల్లో గుడ్డు నుంచి ఈగ దాకా మూడు వారాలు. తర్వాత ఒకటి రెండు వారాలు ఒళ్లు చేసి, జతకట్టి, గుడ్లు మొదలుపెడుతుంది. నెల నుంచి మూడు నెలల దాకా బతికే ఒక్క ఆడ ఈగ వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు.

లెక్క కోసం అనుకుందాం. రాలిన ఒక్క కాయలోంచి ఇరవై పురుగులు బతికి బయటపడ్డాయి. వాటిలో పది ఆడవి. ఒక్కోటి వెయ్యి గుడ్లంటే పదివేలు. అన్నీ బతకవు, నిజమే. చీమలు తింటాయి, కోళ్లు తింటాయి, ఎండకి కొన్ని చస్తాయి. కానీ వందలో ఒకటి బతికినా వంద ఈగలు. అదంతా మనం కాలితో పక్కకి తన్నేసిన ఒక్క కాయ నుంచి.

"అందుకే అన్నా, మందు కాయకి కాదు కొట్టాల్సింది" అన్నాను బాబాయితో, క్లాసులో చెప్పినట్టు. ఆయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో ఏదో ఉందని అప్పుడు తోచలేదు.

తులసి కోట దగ్గర

సాయంత్రం పిన్ని దీపం పెడుతుంటే తులసి కోట దగ్గర నిలబడ్డాను. ఆకుల మీద నాలుగైదు పండుఈగలు వాలి ఆకుని నాకుతున్నాయి. "రోజూ వస్తాయి. తులసమ్మకి దణ్ణం పెట్టుకోడానికనుకుంటా" అంది పిన్ని.

అవన్నీ మగ ఈగలు. మన తులసిలో మిథైల్ యూజినాల్ అనే పదార్థం ఉంటుంది. ఆ వాసనకి మగ ఈగలకు పిచ్చెక్కిపోతుంది. ఈ సంగతి లోకానికి తెలిసింది మన దేశంలోనే. బిహార్‌లోని పూసా పరిశోధనా సంస్థలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త, దోమలకు వాడే సిట్రొనెల్లా నూనె చుట్టూ పండుఈగలు మూగడం మీద 1912లో ఒక వ్యాసం రాశాడు. ఆ తర్వాత పరిశోధిస్తే మిథైల్ యూజినాల్ గుట్టు బయటపడింది. ఇవాళ తోటల్లో వేలాడదీసే ఎర బుట్టల్లో ఉండేది అదే. చిన్న చెక్కముక్కని ఆ ఎరలో, కాస్త పురుగుమందులో నానబెట్టి బుట్టలో వేలాడదీస్తారు. మగ ఈగలు వచ్చి చస్తాయి. కూరపాదుల ఈగకి ఎర వేరు, దాన్ని క్యూలూర్ అంటారు.

పసిఫిక్ సముద్రంలో రోటా అనే చిన్న దీవి ఉంది. 1960ల్లో ఆ దీవంతటా ఈ ఎర ముక్కల్ని విమానం నుంచి జల్లి, మగ ఈగలు దాదాపు మిగలకుండా చేశారు. జత దొరక్క ఆ ఈగ జాతే అక్కడ అంతరించింది.

"మరి నేనూ పెట్టాగా నాలుగు బుట్టలు" అన్నాడు బాబాయి. నిజమే, చెట్లకి వేలాడుతున్నాయి. అడుగున గుప్పెడు చచ్చిన ఈగలు. "మగాళ్లు చస్తున్నారు. ఆడవి ఎక్కడో జతకట్టి, కడుపుతో వచ్చి నా కాయలో గుచ్చుతున్నాయి."

ఎక్కడి నుంచి వస్తున్నాయని అడగాల్సింది. అడగలేదు.

వలసపోయి ఏలిన ఈగ

రాత్రి భోజనాలయ్యాక వీడియో కాల్‌లో చెల్లి పలకరించింది. బాబాయి కూతురు, అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాలో రెడ్‌లాండ్స్ అనే ఊళ్లో ఉంటుంది. ఈగ మాటెత్తగానే నవ్వేసింది. "అన్నయ్యా, మా ఇంటి చెట్లు బోడిగా చేసింది ఆ మహాతల్లే!"

2024 జనవరిలో సంగతి. ఈ ఈగ అంతకుముందే ఆ ఊళ్లో కనిపించింది. వ్యవసాయ శాఖవాళ్లు రెండు వేలకు పైగా ఇళ్ల పెరళ్లలో చెట్ల మీద ఉన్న నారింజలు, నిమ్మకాయలు కోసి పట్టుకుపోయారు. ఎవరూ తమ చెట్టు కాయ ఇంకో ఊరికి తీసుకెళ్లకూడదని ఆంక్ష. చెల్లి వాళ్ల పెరట్లో చెట్టు కూడా ఖాళీ. ఆ ఏడాది ఆగస్టుకి రాష్ట్రమంతటా ఈగ పూర్తిగా పోయిందని ప్రకటించారు.

"ఇంతకీ అక్కడికెలా వెళ్లింది?" అంది మా ఆవిడ.

"ఎవరో ఒకరు సంచిలో తెచ్చుకున్న పండులో" అంది చెల్లి. "నాన్న గుర్తుందా, ఆ ఏడు రసాలు పట్టుకెళ్లమంటే నేను వద్దన్నానని ఎంత అలిగావో!"

బాబాయి తల దించుకుని నవ్వాడు. విమానాశ్రయంలో పళ్లు లాక్కుంటారంటే అది వాళ్ల పొగరనుకున్నాడాయన. మనలో చాలామందిమి అలాగే అనుకుంటాం. కానీ ఈ ఈగ భయం మన మామిడికి ఎన్ని తలుపులు మూసిందో చూడండి. జపాన్ 1986లో మన మామిడిని ఆపేసి, మళ్లీ 2006లో గానీ రానివ్వలేదు. యూరప్ 2014 మే 1 నుంచి మామిడితో పాటు కాకర, పొట్ల, వంకాయ, చేమలను కూడా ఆపింది. మామిడి మీద ఆంక్ష మరుసటి ఏడాది ఎత్తేశారు.

ఆఫ్రికా కథ ఇంకా పెద్దది. 2003లో కెన్యాలో ఈ ఈగ మొదటిసారి దొరికింది. కొత్త జాతి అనుకుని 2005లో దానికి బాక్ట్రోసెరా ఇన్వాడెన్స్ అని పేరు పెట్టారు. ఇన్వాడెన్స్ అంటే దండెత్తేది. కొద్ది ఏళ్లలో సహారాకి దక్షిణాన ఉన్న దేశాలన్నిటినీ దాదాపు చుట్టేసింది. తీరా 2015లో శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, అది కొత్త జాతి కాదు, మన ఆసియా డోర్సాలిసే. అక్కడివాళ్లకి దండయాత్ర చేసిన శత్రువు, మనకి తులసి కోట దగ్గర కనిపించే పాతకాపు.

పరాయి నేల మీద ఇది ఇంతగా ఎలా నెగ్గింది? గుడ్లు ఎక్కువ పెడుతుంది కాబట్టి అనుకుంటాం. అది సగం జవాబే. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి ఉంది. అక్కడ మొదటి నుంచీ ఉన్న పండుఈగ మీదికి 1939లో మధ్యధరా ఈగ వచ్చింది. 1955లో ఆఫ్రికా ఈగ వచ్చింది. 1991లో మన జొనాటా వెళ్లింది. 2017లో డోర్సాలిస్ కూడా చేరింది. జొనాటా దాకా వచ్చినవాటిని పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే ఒక చిత్రం బయటపడింది. వెనక వచ్చిన ఈగ ప్రతిసారీ ముందున్నదాన్ని నెట్టేసింది గానీ, ముందున్నది వెనకదాన్ని నెట్టలేకపోయింది. అలా నెట్టిన జొనాటా తొందరగా గుడ్లు పెట్టేసే రకం కాదు. ఒళ్లు పెద్దది, గుడ్లు మొదలుపెట్టడం ఆలస్యం, బతికేది ఎక్కువ కాలం. అంటే గెలిపించింది తొందర కాదు, ఓపిక. కాయ మీద చోటు కోసం కొట్లాడి, దొరికిందాక నిలబడి ఉండే దమ్ము.

దానికి తోడు తిండికి పేచీ లేదు. డోర్సాలిస్ గుడ్లు పెట్టే కాయలూ పండ్లూ మూడు వందల రకాలకు పైనే. జామనే తీసుకోండి. అది అమెరికా ఖండం నుంచి మన దేశానికి వచ్చిన చెట్టు. తాతముత్తాతల కాలంలో లేని కాయని కూడా ఈగ సొంతం చేసుకుంది. మామిడి అయిపోతే జామ, జామ అయిపోతే ఇంకోటి. ఏడాది పొడవునా ఏదో ఒక కాయ దొరికితే చాలు, వంశం తెగదు. ఇంకో సంగతి. పరాయి నేలకు వెళ్లినప్పుడు దాని శత్రువులు వెంట రావు. హవాయి దీవుల్లో ఈ ఈగ విజృంభిస్తే, దాని గుడ్లలో గుడ్లు పెట్టి చంపే ఒక బుల్లి కందిరీగని 1940ల చివర్లో ఆసియా నుంచి తెచ్చి వదిలాకే కాస్త అదుపులోకి వచ్చింది.

తాబేలు అడుగులు

తెల్లవారుజామున నాలుగింటికే లేచి బయల్దేరాం. దారంతా ట్రాక్టర్లు, ఆటోలు, నెత్తిన మూటలతో నడిచేవాళ్లు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ముందు బాజాలు మోగుతున్నాయి. ఇక్కడ మునిగిన కాకి హంసగా మారిందని, అందుకే ఊరికి ఆ పేరని చెబుతారు. అక్కడి నుంచి పాలకాయతిప్ప. మెరైన్ పోలీస్ స్టేషన్ దాటితే ఇసుక. తిప్ప అంటేనే మెరక. ఇక్కడి నుంచి కృష్ణ సముద్రంలో కలిసే చోటుకి ఇసుకలో ఇంకా దూరం వెళ్లాలి. ఒక పక్క మడ చెట్లు, ఇంకో పక్క సముద్రం.

వెలుతురు వచ్చేసరికి బాబాయి ఇసుక మీద ఒక గీత చూపించాడు. చిన్న ట్రాక్టరు చక్రం జారగిలి నడిచినట్టు, నీళ్ల నుంచి పైకి వచ్చి మళ్లీ నీళ్లలోకి వెళ్లిన అడుగులు. ఆలివ్ రిడ్లీ తాబేలు. చలికాలం చివర్లో ఇవి ఈ తీరానికి వచ్చి, ఇసుక తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, కప్పెట్టి వెళ్లిపోతాయి. అటవీ శాఖవాళ్లు ఆ గుడ్లు ఏరి కంచె వేసిన చోట పాతిపెట్టి, నెలన్నర రెండు నెలలకు పిల్లలు బయటికి రాగానే సముద్రంలో వదులుతారు.

ఆ అడుగుల పక్కన నిలబడి ఆలోచించాను. తాబేలు పెద్దదై గుడ్లు పెట్టడానికి పదేళ్లకు పైనే పడుతుంది. తీరం పాడైతే దానికి మరో దారి తెలీదు. గుడ్లు పెట్టాల్సిన రోజుకి తను పుట్టిన తీరాల కేసే వెతుక్కుంటూ వస్తుంది. ఈగకి అలాంటి పట్టింపు లేదు. వేడి ఉండి కాయ దొరికితే అదే పుట్టిల్లు. ఇసుకలో గుడ్డు పెట్టేదాన్ని కాపాడ్డానికి మనిషి కాపలా కాయాలి. కాయలో గుడ్డు పెట్టేదాన్ని కాపాడ్డానికి మనిషి ఏమీ చెయ్యక్కర్లేదు. ఏమీ చెయ్యకపోవడమే దానికి కావాలి.

సంగమం దగ్గర మట్టి రంగు నీళ్లూ నీలం నీళ్లూ కలిసే గీత స్పష్టంగా కనిపించింది. మా ఆవిడ మూడు మునకలు వేసింది. బాబాయి ఒడ్డున కూర్చుని, "చూశావా, మూడు పక్కలా నీళ్లే. ఇంత దీవిలో ఉండి కూడా ఈగని ఆపలేకపోతున్నాం" అన్నాడు.

ఆయనకి ఒకినావా కథ చెప్పాను. జపాన్‌కి దక్షిణాన ఉన్న దీవులు. కాకర వాళ్లకి ఇష్టమైన కూర. కానీ కూరపాదుల ఈగ ఉందని ఆ కాకరని జపాన్‌లోని మిగతా ఊళ్లకి పోనిచ్చేవారు కాదు. 1972లో పని మొదలుపెట్టారు. ఫ్యాక్టరీలో ఈగల్ని కోట్ల కొద్దీ పెంచి, రేడియేషన్‌తో వాటికి సంతానం కలగకుండా చేసి, దీవి తర్వాత దీవిలో వదిలారు. వాటితో జతకట్టిన ఆడ ఈగ గుడ్లు పొదగవు. 1993 కల్లా అన్ని దీవుల్లోనూ ఈగ అంతరించింది. ఇప్పుడు ఒకినావా కాకర జపానంతా తింటుంది.

"ఇరవై ఒక్క ఏళ్లా!" అన్నాడు బాబాయి. "మనకంత సర్కారు సాయం ఎవడిస్తాడు గానీ... ఆ పద్ధతిలో అసలు కిటుకేంటి?"

"దీవిలో ఒక్క పెరడు కూడా వదలకపోవడం" అన్నాను.

ఆయన ఇసుకలో పుల్లతో గీతలు గీస్తూ ఉండిపోయాడు. "కరకట్ట లాగన్నమాట. ఎంత పొడుగు కట్టామన్నది కాదు. ఎక్కడ గండి ఉందన్నది లెక్క."

గండి ఎక్కడ?

ఇంటికొచ్చాక ఆయన పడుకున్నాడు. నేను ఊరికే తోటలోకి వెళ్లాను. బాబాయి వైపు నేల ఊడ్చినట్టుంది. రాలిన కాయ ఒక్కటి లేదు. రోజూ ఏరి గోతిలో పూడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. తూర్పు గట్టు దగ్గరికి వెళ్లేసరికి పుల్లటి కుళ్లు వాసన. గట్టు అవతల నడుమెత్తు గడ్డి, ముళ్లకంప, దాని మధ్య ఓ పాతిక ముసలి జామచెట్లు. కింద పరుపు పరిచినట్టు రాలిన కాయలు. కాలు పెడితే మెత్తగా దిగబడింది. పైకి లేచిన ఈగలు నా మొహం చుట్టూ తిరిగాయి.

వెనకాలే పిన్ని వచ్చింది. "ఇది ఎవరిది పిన్నీ? ఇంత అన్యాయంగా వదిలేశారేంటి?" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది. "నీదే నాయనా. మీ నాన్న వాటా."

నాన్న పోయాక పంపకాల కాగితం నేను బీరువాలో పెట్టాను. కౌలుకిద్దామనుకుని ఇవ్వలేదు. అమ్ముదామనుకుని అమ్మలేదు. చెట్లు ఎక్కడికీ పోవుగా అనుకున్నాను. పదేళ్లు. చెట్లు ఎక్కడికీ పోలేదు. ఏటా కాసి, రాల్చి, బాబాయి తోటలోకి ఈగల్ని పంపుతూనే ఉన్నాయి. అవతల చాకిరీ చేసేవాడు ఆయన, ఇవతల ఈగల్ని పెంచేవాణ్ణి నేను.

"మరి చెప్పలేదేం?"

"ఆయన చెప్పనిస్తేగా! అన్నయ్య కొడుకు, చదువుకున్నవాడు, వాడికి తెలీదా అంటాడు. మీ బాబాయి ఏరడానికి వెళ్తే, మీ స్థలంలో అడుగుపెట్టినట్టు అవుతుందని ఆగిపోయాడు. ఊళ్లో వాళ్లు మాటలంటారుగా."

ముందు రోజు సాయంత్రం నేను పాఠం చెబుతుంటే బాబాయి ఎందుకు నవ్వాడో అప్పుడు అర్థమైంది.

ఆ రోజు విజయవాడ వెళ్లలేదు. ఇద్దరు కూలీలని మాట్లాడి, నేనూ పంచె ఎగ్గట్టి దిగాను. రాలిన కాయలన్నీ ఏరి, రెండడుగులకు పైగా లోతు గొయ్యి తీసి పూడ్చాం. గోతికి పట్టనివి నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఎండలో పెట్టాం. సంచి లోపలి వేడికి పురుగు చస్తుంది. గడ్డి కోయించి, చెట్ల మొదళ్లు తవ్వించి మట్టి తిరగేశాం. మట్టిలో దాగిన గూళ్లు పైకి తేలితే పిన్ని కోళ్లు పండగ చేసుకున్నాయి. నాలుగు ఎర బుట్టలు నా చెట్లకీ కట్టాను.

సాయంత్రం బాబాయి, నేనూ చుట్టుపక్కల తోటలవాళ్ల ఇళ్లకి వెళ్లాం. ఐదుగురిలో ఇద్దరు వెంటనే సరేనన్నారు. ఒకాయన చూద్దామన్నాడు. ఒకాయన "మాకు ఈగలేం లేవు" అన్నాడు. ఇంకొకాయన ఊళ్లో ఉండడు, హైదరాబాద్‌లో ఉంటాడు. ఆయన ఫోన్ నంబరు తీసుకుని నేనే చేశాను. ఏం మాట్లాడాలో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

హంసలదీవి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా పాలకాయతిప్ప పాతిక కిలోమీటర్ల పైనే. మాఘ పౌర్ణమికి జనం బాగా ఉంటారు. మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది. సంగమం దగ్గర లోతు తెలియని చోట దిగొద్దు. ఇసుక మీద తాబేలు అడుగులు కనిపిస్తే తొక్కకుండా తప్పుకోండి. తినడానికి పళ్లు తీసుకెళ్తే, పుచ్చు కాయని మడ చెట్లలోకి విసిరేయకుండా సంచిలోనే కట్టి వెనక్కి తెచ్చుకోండి.

తర్వాత నెలకోసారి వెళ్తూనే ఉన్నాను. రోజు విడిచి రోజు నా వాటాలో కాయలు ఏరడానికి ఒక అమ్మాయిని పెట్టాం. జీతం నాది, అజమాయిషీ పిన్నిది. వానాకాలం కాపు దిగాక మొన్న శ్రావణంలో బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా, నిరుటి మీద సగం నయం. వ్యాపారి కాయ విరిచి చూసి కూడా బండి దిగాడు." చెరువు మాట ఎత్తుతాడేమోనని చూశాను. "లీజు వాళ్లకి వచ్చే సంక్రాంతి దాకా ఆగమన్నాలే. ఇంకో కాపు చూద్దాం" అన్నాడు.

ఆర్టీసీ పార్శిల్‌లో ఒక బుట్ట జామకాయలు వచ్చాయి. సగం ఆయన తోటవి, సగం నా చెట్లవి. ఏవి ఎవరివో తెలీదు. మా ఆవిడ పిన్నిలాగే ఒక్కోటీ కోసి వెలుతురుకేసి చూసింది. పన్నెండు కాయల్లో రెండింటిలో పురుగుంది. ఆ రెండూ చెత్తబుట్టలో వేయబోతుంటే ఆపి, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూతి కట్టి డాబా మీద ఎండలో పెట్టొచ్చాను.